నలభై మూడు సీడీలు, ఒక చిన్న బాణం గుర్తు

ఒక్క కొబ్బరికాయ కొట్టి దాదాపు రెండు వేల మంది రోగాల చరిత్రను మాయం చేసిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. కంగారు పడకండి, కాసేపట్లో బాగానే పరిచయమవుతాడు. పరిచయమయ్యాక అతన్ని మీ ఇంట్లోని కంప్యూటర్ దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ఆ మనిషిని నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు. మా అమ్మ దానికి ప్లాస్టిక్ తొడుగు వేయిస్తే, నా తలకు కిరీటం చేయించినంత సంబరపడ్డాను. కంప్యూటర్ గురించి ఎవరేం అడిగినా తెలియదని చెప్పడం నా జాతకంలోనే లేదు. తెలిసినవి మెల్లగా చెప్పేవాణ్ని, తెలియనివి గట్టిగా చెప్పేవాణ్ని.

అది రెండు వేల పదకొండు. కామారెడ్డిలో స్టేషన్‌కు పోయే దారిలో, ఒక బట్టల దుకాణం పైన విఠల్‌రావు సార్ హోమియో దవాఖానా నడిపేవారు. ప్రతి గురువారం ఎల్లారెడ్డి వెళ్లి అక్కడ కూడా కూర్చునేవారు. హోమియో డాక్టర్లు రోగాన్ని చూడటం కంటే రోగిని అడగడం ఎక్కువ. కడుపునొప్పి అని వచ్చినవాణ్ని "చీకటంటే భయమా? తీపి ఇష్టమా? కలలో ఏం కనపడుతుంది?" అని గంటసేపు అడుగుతారు. ఆ జవాబులన్నీ సార్ పెద్దపెద్ద రిజిస్టర్లలో రాసుకునేవారు. ఏ మందు ఇచ్చారు, అది పనిచేయకపోతే తర్వాత ఏది మార్చారు అన్నది కూడా అందులోనే ఉండేది.

ఇక్కడ మీరు ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. హోమియోలో మందులు వేల రకాలు ఉంటాయి గానీ, రోగి చేతికి వచ్చేసరికి అన్నీ ఒకే రకం తెల్ల గోలీలు. ఏది ఎవరిదో ఆ రిజిస్టర్‌కు తప్ప దేవుడికి కూడా తెలియదు.

ఆ రిజిస్టర్లు పద్నాలుగు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికే నన్ను పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, పెట్టుకునేదాకా నేనే వదల్లేదు.

"సార్, ఒక్క పేరు కొడ్తే చాలు, మనిషి మొత్తం బయటికొస్తడు" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది అడుగుతున్న, నాకే ఎవ్వడూ మొత్తం బయటికి రాలే" అన్నారు సార్. "సరే గానీ, అది ఖరాబైతే ఎట్ల?"

"ఖరాబ్ అయ్యే ముచ్చటే లేదు సార్. దాంట్ల సీ డ్రైవ్ ఉంటది, డీ డ్రైవ్ ఉంటది. రెండిట్ల పెడ్త. ఒకటి పోయినా ఇంకోటి ఉంటది. మనకు రెండు కిడ్నీలు లేవా సార్? గట్లనే."

డాక్టర్‌కు కిడ్నీతో చెబితే ఇంకేం కావాలి! తలూపారు.

పాఠకులారా, సీ డ్రైవ్, డీ డ్రైవ్ అనేవి రెండు కిడ్నీలు కావు. ఒకే గదికి నడుమ చీర కట్టి, ఇటు వంటగది అటు పడకగది అనుకోవడం లాంటివి. పైకప్పు కూలిందంటే రెండు గదులూ కలిసే కూలుతాయి. ఈ ముక్క నాకు ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చెప్పినా నేను వినేవాణ్ని కాదనుకోండి, అది వేరే విషయం.

ఐదు నెలలు కూర్చుని అన్నీ టైపు చేశాను. ఆఖరి పేజీ అయిన రోజు, ఆ పద్నాలుగు రిజిస్టర్లనూ పాత కాగితాలు కొనేవాడి బండి ఎక్కించాను. మందుల గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేసే సాయవ్వ అడ్డం వచ్చింది.

"కొడుకా, ఓ మూలకుంటే నీదేం పోతది? అన్నం అడుగుతున్నయా అవి?"

"సాయవ్వా, కాగితం జమానా అయిపోయింది."

వారం తర్వాత బస్టాండు దగ్గర మిర్చీలు కొంటే, పొట్లం కాగితం మీద సార్ చేతిరాత కనిపించింది. 'రోగికి కారణం లేకుండా ఏడుపు వస్తుంది' అని ఉంది. చదివి, నవ్వి, చేతులు తుడుచుకుని పారేశాను. ఆ వాక్యం రాబోయే నా రోజుల గురించి రాసి ఉందని నాకు తెలియదు.

అయితే నేను మరీ అంత నిర్లక్ష్యం మనిషిని కూడా కాను. కోర్సులో మా సార్ ఒకటి చెప్పారు. సమాచారం కాపీ ఒకటి వేరే ఊళ్లో ఉండాలి అని. అది నాకు బాగా నచ్చింది. బ్యాకప్ అనే మాట పలికితేనే నోరు నిండుగా ఉండేది. ప్రతి బుధవారం సాయంత్రం కంప్యూటర్ తెర మీదున్న 'పేషెంట్లు' అనే ఫోల్డర్ బొమ్మను లాగి ఒక కొత్త సీడీలోకి ఎక్కించేవాణ్ని. రెండు వేల మంది చరిత్ర, రెప్ప వేసేంతలో సీడీలోకి పోయేది.

"చూసిండ్రా సార్, మన కంప్యూటర్ ఎంత ఫాస్టో!" అని చంకలు కొట్టుకునేవాణ్ని. ఇంత సమాచారం అంత తొందరగా ఎలా పోతోందన్న అనుమానం ఒక్కసారైనా రాలేదు. ఒక్క సీడీనైనా తిరిగి తెరిచి చూడాలన్న ఆలోచన అంతకన్నా రాలేదు. అన్నం డబ్బా కట్టుకున్నాక మూత తీసి అన్నం ఉందా లేదా అని ఎవరైనా చూస్తారా? నేనూ అంతే.

గురువారం సార్ వెంట ఎల్లారెడ్డి వెళ్లినప్పుడు, ఆ సీడీని మా రాజవ్వత్తకు ఇచ్చేవాణ్ని. ఆమె మా నాన్నకు అక్క. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే మక్క చేను, అదే మొక్కజొన్న.

"అత్తా, ఇవి పాణం లెక్క చూస్కోవాలె. ఎవ్వరికీ ఇయ్యొద్దు."

"గంత ఇలువైనయా? బంగారం పెట్టినవా ఏందిరా దీంట్ల?"

"బంగారం కన్న ఎక్కువ. రెండు వేల మంది ఉన్నరు అండ్ల."

అత్త ఆ సీడీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పల్సటి దాంట్ల గంత మంది పట్టిండ్రా, మా ఎల్లారెడ్డి బస్సు గూడ ఓడిపాయె" అని, బియ్యం గుమ్మి పక్కనున్న స్టీలు క్యానులో వేసేది.

అలా నలభై మూడు వారాలు గడిచాయి. అప్పుడు దసరా వచ్చింది.

పండుగ ముందు రోజు సార్ ఊరికి వెళ్తూ, "ఆయుధ పూజ చేసి తాళమెయ్యుండ్రి" అని చెప్పిపోయారు. సాయవ్వ మందుల బల్లకు బొట్లు పెట్టింది. నేను కంప్యూటర్ పూజ నా మీద వేసుకున్నాను. మానిటర్‌కు పసుపు, కీబోర్డుకు కుంకుమ, మౌసుకు బంతిపూల దండ. యంత్రం నడుస్తుండగా పూజ చేస్తే ఫలితం ఎక్కువని నేనే ఒక శాస్త్రం కనిపెట్టి, దాన్ని ఆన్ చేశాను. సీపీయూ డబ్బా వేడెక్కుతోందని వేసవిలో పక్క రేకు విప్పేశాను, మళ్లీ బిగించలేదు. తెరిచి ఉన్న ఆ పక్కకు ఎదురుగా రాయి పెట్టి కొబ్బరికాయ ఎత్తాను.

"జర ఇవతల కొట్టు కొడుకా" అంది సాయవ్వ.

"ఎదురుంగ కొడ్తేనే దిష్టి పోతది."

కొట్టాను. దిష్టి సంగతి తెలియదు గానీ, కాయలోని నీళ్లన్నీ ఒక్క చుక్క కింద పడకుండా నేరుగా సీపీయూలోకి పోయాయి. బుస్సుమంది. చిన్న పొగ లేచింది.

"ప్రసాదం వాసనొస్తుంది" అంది సాయవ్వ.

అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, స్విచ్ ఆపడం. నేను చేసింది ఏమిటో చెప్పమంటారా? లోపలి నీళ్లు బయటికి పోవాలని, నడుస్తున్న ఆ సీపీయూను రెండు చేతులా పైకెత్తి, తలకిందులు చేసి, మజ్జిగ చెంబు విదిలించినట్టు బలంగా నాలుగుసార్లు ఊపాను. లోపల 'కటకటకట' అని ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు.

పండుగ వెళ్లిన మర్నాడు దాన్ని చంకలో పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి పరుగెత్తాను. అతను విప్పి చూసి, లోపలినుంచి ఒక కొబ్బరి పీచు తీసి బల్ల మీద పెట్టాడు. హార్డ్ డిస్కు తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. కటకట.

"తమ్మీ, కథ ఒడిసింది."

"సీ డ్రైవ్ పోయిందా అన్నా? పోనీ. డీ డ్రైవ్‌ల ఉన్నది."

అతను నన్ను చాలా జాలిగా చూశాడు. "రెండూ గీ ఒక్క డబ్బలనే ఉంటయ్ తమ్మీ. నీళ్లు పడ్డందుకు గాదు, నీళ్లకు ఇది బతికేదేమో. నడుస్తుండంగ ఎవరో దీన్ని ఊపిండ్రు. లోపటి రేకు మీద రాసిందంత గీక్కపోయింది."

ఆ ఊపినవాడు ఎవడో నాకు తెలిసినట్టు నేను ముఖం పెట్టలేదు.

"హైదరాబాద్‌ల ఏది పోయినా తీస్తరంట గదా?"

అతను హైదరాబాద్‌లో తనకు తెలిసిన పెద్ద మెకానిక్‌కు ఫోన్ కలిపి, ఆ కటకటను దగ్గరగా పెట్టి వినిపించాడు. అవతలి మనిషి కాసేపు విని, "అయ్యో పాపం" అని పెట్టేశాడు.

నాకు మాత్రం ధైర్యం సడలలేదు. ఎందుకు సడలుతుంది? నేను బ్యాకప్ ఉన్న మనిషిని! దవాఖానాకు వచ్చి, రోగులందరి ముందూ సార్‌కు సంగతి చెప్పాను. కొబ్బరికాయ వరకు చెప్పాను, ఊపడం దాకా వెళ్లలేదు.

"ఏం ఫికర్ లేదు సార్. ఎల్లారెడ్డిల నలభై మూడు సీడీలున్నయి."

"శాబాష్!" అన్నారు సార్. రోగులవైపు తిరిగి, "చూసిండ్రా, ముందు సూపు అంటే ఇట్లుండాలె" అన్నారు.

ఆ వరుసలో మహమ్మద్‌నగర్ నుంచి వచ్చిన మల్లయ్య బాపు ఉన్నాడు. ఆయనకు ఆయాసం. మూడు మందులు మార్చాక నాలుగోది కుదిరి, ఏడాది నుంచే వెల్లకిలా పడుకుని నిద్రపోగలుగుతున్నాడు. అడుగంటిన సీసా ఊపుతూ, "జల్ది తే బిడ్డా, రేపటి దాన్కనే ఉన్నయి నా గోలీలు" అన్నాడు.

"పొద్దుగూకే వరకు తెస్త బాపు" అని మాటిచ్చి బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా కిటికీలో నా ముఖం నేనే చూసుకుని మురిసిపోయాను.

రాజవ్వత్త వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది.

"అత్తా, సీడీల క్యాను ఏది?"

"క్యాన్ల పెసర్లు పోసిన గదరా."

"మరి సీడీలు?"

"గవా? చేన్ల కట్టిన."

నాకు చెవులు గుయ్యిమన్నాయి. "చేన్ల కట్టుడేంది అత్తా?"

"రామచిలుకలు రా! కంకిని నిలవనిస్తలేవు. ఆకాశవాణి లెక్క పొద్దుందాక ఒక్కటే లొల్లి. నీ బిళ్లలు ఎండకు తళుక్కుమంటయ్ గదా. దారం కట్టనీకె నడుమ బొక్క గూడ తయారుగ ఉండె. అన్ని కట్టిన. ఒక్క చిలుక వస్తలేదు తెలుసా!"

"పాణం లెక్క చూస్కోమని చెప్పిన గదా!"

"చూస్కుంటనే ఉన్న. దినాం పోయి లెక్కపెడ్తున్న."

వెనక చేనులోకి పరుగెత్తాను. తల ఎత్తు పెరిగిన మక్క మీద వరుసగా నలభై మూడు సీడీలు గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. అంతకు ముందురోజే వాన పడింది. మోకాళ్ల దాకా బురదలో దిగి, ఆకులు ముఖానికి గీసుకుంటుంటే ఒక్కొక్కటే తెంపాను. మా అత్త గట్టు మీద నిలబడి, "గదొక్కటి మరిచినవ్, ఆ తూర్పు దిక్కుది" అని చూపిస్తూనే, "నువ్వు పోంగనే చిలుకలొస్తయ్ రా, కొన్నన్న ఉంచు" అని బతిమాలుతోంది. అప్పటికే నాలుగు చిలుకలు తీగ మీద కూర్చుని మా పని ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాయి.

బోరింగు కింద సీడీలన్నీ కడిగి, చొక్కాతో తుడిచి, అత్తను వెంటేసుకుని బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఆమె ఎందుకంటారా? నేను వద్దన్నా వచ్చింది. ఆ రెండు వేల మందిని చూస్తానంది.

మొదటి సీడీ పెట్టాను. 'పేషెంట్లు' ఫోల్డర్ బొమ్మ తెర మీద కనిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొక్కాను. మీరు అడిగిన చోటు దొరకడం లేదని కంప్యూటర్ ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది.

"బురద పోయి ఉంటది" అని రెండోది పెట్టాను. అదే మర్యాద. మూడోది. నాలుగోది. సెంటర్ నడిపే ఆయన వచ్చి నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"తమ్మీ, ఆ బొమ్మ మూలకు చిన్న బాణం గుర్తు కనవడ్తుందా?"

"కనవడ్తుంది."

"గది షార్ట్‌కట్. నీ ఫోల్డర్ గాదు. ఫోల్డర్ ఎక్కడున్నదో చూపించే గుర్తు, అంతే. ఇల్లు అటు దిక్కున్నదని రోడ్డు మీద బోర్డు పెడ్తరు గదా, నువ్వు ఇల్లు ఇడిసిపెట్టి బోర్డు పీక్కొచ్చినవ్."

"అన్నిట్ల బోర్డేనా?"

"పెట్టి చూద్దాం."

పెట్టి చూశాం. నలభై మూడూ చూశాం. అన్నిటిలో ఒకే బోర్డు. రెండు వేల మంది చరిత్ర రెప్పపాటులో ఎలా ఎక్కేదో అప్పుడు నాకు అర్థమైంది. నేను దాదాపు ఏడాది పాటు, వారం వారం, తేదీ రాసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఒక బాణం గుర్తును ఊరు దాటించి భద్రం చేశాను.

మా అత్త సీడీలన్నీ ఒక్కచోట పేర్చి అడిగింది.

"అయితే రమేశా, ఇవి మళ్ల చేన్ల కట్టుకోవచ్చా?"

ఇచ్చేశాను. నా బ్యాకప్ వల్ల ఈ లోకంలో ఎవరికైనా మేలు జరిగిందంటే, అది ఆ మక్క చేనుకే.

కామారెడ్డి బస్టాండులో దిగాక, పక్కనే హైదరాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి పారిపోదామని రెండు నిమిషాలు నిజంగానే ఆలోచించాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. సీసా ఊపుతూ నిలబడ్డ మల్లయ్య బాపు గుర్తొచ్చి దిగాను.

దవాఖానాలో సార్, సాయవ్వ, బెంచీ మీద మల్లయ్య బాపు. నా ముఖం చూడగానే సార్‌కు తెలిసిపోయింది. ఈసారి ఏదీ దాచకుండా చెప్పాను. ఊపడం, బాణం గుర్తు, చిలుకలు అన్నీ. సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడితే బాగుండునని అనిపించింది. తిట్టలేదు.

"నేను రాసుకున్నది రోగాలు గాదు రమేశ్. మంది నన్ను నమ్మి చెప్పుకున్న మాటలవి" అన్నారు.

అంతవరకు నాకు అది 'డేటా'. మనుషులు ఒక డాక్టర్‌ను నమ్మి, ఇంట్లో కూడా చెప్పుకోలేనివి చెప్పిన మాటలన్న సంగతి నా బుర్రకు అప్పటిదాకా ఎక్కనే లేదు. ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక గోడ వైపు పెట్టుకున్నాను.

సార్ మల్లయ్య బాపు వైపు తిరిగారు. "మల్లయ్యా, నీకు ఇచ్చిన మందు ఏదో యాదికున్నదా?"

"ఎందుకు లేదు సార్? తెల్ల గోలీలు."

"అట్ల గాదు, ఏ తెల్ల గోలీలు?"

"తియ్యగుంటయ్."

సార్ నుదురు పట్టుకున్నారు. సీసా మూత మీద నంబరైతే ఉంది. ఏ నంబరు ఏ మందో చెప్పే పట్టిక మాత్రం... ఎక్కడుందో మీకు వేరే చెప్పాలా? దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, గోడ మీది కాగితం చింపేసిన మహానుభావుణ్ని కూడా నేనే.

అప్పుడు సాయవ్వ లేచింది. "మల్లయ్య బాపుది కిటికీ దిక్కు బీరువల, కింది అరల, ఎనక వరుసల రెండో బుడ్డి సార్. ఆయనొచ్చినప్పుడల్ల నేను కూసొని, వంగి తియ్యాలె. నడుం పట్టేస్తది. గది మరుస్తనా?"

సార్ ఆ బుడ్డి తీయించి, పేరు చదివి, ఆయాసం గురించి మల్లయ్య బాపును పావుగంట మళ్లీ అడిగి, ఇదేనని తేల్చుకున్నాక ఇచ్చారు. ఆయన గోలీలు జేబులో వేసుకుని పోతూ పోతూ, "పరేషాన్ గాకు బిడ్డా, కొబ్బరికాయ మంచిగనే కొట్టినవ్ గదా, దేవుడు చూస్కుంటడు" అని నన్ను ఓదార్చాడు.

అందరికీ సాయవ్వ నడుము చాలదు. మర్నాటి నుంచి సార్ పాత రోగులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు. రాసేది నేను. కొత్త రిజిస్టరులో, చేత్తో. అదే నా శిక్ష.

మీరు నమ్మరు గానీ, అక్కడే కథ తిరిగింది. పెద్దకొడప్‌గల్ నుంచి అనసవ్వ అనే ఆమె వచ్చింది. తలనొప్పి.

"కోపం బాగొస్తదా అమ్మా?" అని సార్ అడిగారు.

"మస్తుగొస్తది సార్. సామాన్లు ఇసిరికొడ్త."

సార్ ఆశ్చర్యపోయారు. "నువ్వు శాంతం మనిషివని రాసుకున్నట్టు నాకు యాది."

"అప్పుడు మా అత్త ఎంబడొచ్చింది సార్. గామె ముందల ఎట్ల చెప్తా? ఇప్పుడు రాయుండ్రి."

ఆమెకు మందు మారింది. ఇంకొకాయన ఎల్లారెడ్డి పక్క ఊరి రైతు, ఆరేళ్ల నుంచి వస్తున్నాడు.

"మోకాలు నొప్పి ఎట్లున్నది?"

"మోకాలా? అది పోయి రెండేండ్లాయె సార్."

"మరి గోలీలు ఎందుకు తీస్కపోతున్నవ్?"

"మీరు పిలిచి ఇస్తున్నరు, వద్దంటే బాగుండదని..."

సార్ కలం పట్టుకున్న నా చేతిని ఆపి, కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు నవ్వారు. "ఏండ్ల సంది పాత పేజీ చూస్కుంట మందిస్తున్న. మనిషిని మళ్ల అడగలేదు" అన్నారు. ఆ నాలుగు నెలల్లో మందు అవసరమే లేదని తేలినవాళ్లు బోలెడు మంది. వాళ్లలో కొందరు దవాఖానా మానాల్సి వచ్చినందుకు నొచ్చుకున్నారు కూడా.

దీంతో నేను చేసింది మంచి పనే అని మీరు అనుకోకండి. నేను అనుకున్నాను, ఒకసారి పైకి అన్నాను, సాయవ్వ మూలనున్న చీపురు తీసింది.

వేసవి వచ్చేసరికి రిజిస్టర్లు పూర్తయ్యాయి, కొత్త కంప్యూటర్‌లోకీ ఎక్కాయి. కంప్యూటర్లు బాగుచేసే ఆయన కాళ్లావేళ్లా పడి అన్నీ నేర్చుకున్నాను. సార్ బయట తగిలించుకునే హార్డ్ డిస్కులు రెండు తెప్పించారు, ఒకటి ఇక్కడికి, ఒకటి ఎల్లారెడ్డికి. బాణం గుర్తు ఎక్కడ కనిపించినా నాకు చలిజ్వరం వచ్చేది.

"కాపీ ఉంటే అయిపోలే తమ్మీ, తిరిగొస్తదా లేదా పరీక్ష చేసి చూడాలె" అని ఆయన ఆఖరి పాఠం చెప్పాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. సార్ పోగొట్టుకున్న నమ్మకాన్ని నేను ఆయన కళ్లముందే తిరిగి తెచ్చి ఇవ్వాలనుకున్నాను. ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేని వేళ, సార్‌ను పిలిచి కుర్చీ వేశాను.

"సార్, ఈసారి బ్యాకప్ ఎట్లుందో మీకు పరీక్ష చేసి చూపిస్త."

"శాబాష్. చూపియ్యి."

'పేషెంట్లు' ఫోల్డర్‌ను ఎంచుకున్నాను. షిఫ్టు పట్టుకుని మరీ, డిలీట్ నొక్కాను. మొత్తం పోయింది.

సార్ కుర్చీలోంచి సగం లేచారు. "ఏం చేసినవ్ రా?"

"తీసేసిన సార్. ఇప్పుడు బ్యాకప్‌ల నుంచి తిరిగొస్తది, చూడుండ్రి."

"మొత్తం తీసేసినవా?"

"మొత్తం సార్! లేకుంటే పరీక్ష ఎట్లయితది?" అని బయటి డిస్కు తగిలించి, కాపీ మొదలుపెట్టాను. తెర మీద పచ్చగీత పావు వంతు కదిలింది.

కరెంటు పోయింది.

కింద పెట్టిన బ్యాటరీ డబ్బా రెండుసార్లు కీచుమని, తన వల్ల కాదని ఊరుకుంది. తెర నల్లబడింది. ఫ్యాను కూడా ఆగిపోయింది. సార్ నన్ను చూశారు, నేను డిస్కును చూశాను, సాయవ్వ మందుల గదిలోంచి వచ్చి ఇద్దర్నీ చూసి, మళ్లీ లోపలికి వెళ్లింది.

ఆ వేసవి కరెంటు సంగతి మీకు తెలిసిందే. రెండున్నర గంటలు. నేనూ సార్ ఎదురెదురుగా, ఎవరో చావుబతుకుల్లో ఉన్న ఇంటి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నాం. ఎల్లారెడ్డిలో ఇంకో డిస్కు ఉందని, రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయని నాకు తెలుసు. తెలిసినా, వీపు మీద చెమట మాత్రం కాలువలా పారుతూనే ఉంది.

కరెంటు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. పచ్చగీత మెల్లగా పాకి పాకి చివరికి చేరింది. ఫోల్డర్ తెరిచాను. అనసవ్వ కోపంతో సహా వచ్చేసింది. మల్లయ్య బాపు వచ్చేశాడు. అందరూ వచ్చేశారు.

"వచ్చింది సార్! పరీక్ష పాసైంది!" అని అరిచాను.

సార్ రుమాలుతో మెడ తుడుచుకున్నారు. చాలా నెమ్మదిగా అడిగారు.

"రమేశ్, ఒక్క మాట. అసలుదాన్ని ఎందుకు తీసేసినవ్? ఆ కాపీని ఇంకో కంప్యూటర్ల పెట్టి తెరిస్తే, గా పరీక్ష అయిపోతుండె గదరా?"

నేను తెరను చూశాను. కీబోర్డును చూశాను. డిలీట్ బటన్ మీదున్న నా వేలిముద్రను చూశాను.

"గది నాకు తట్టలే సార్."

మందుల గదిలో సాయవ్వ ఏదో కింద పడేసుకున్న చప్పుడైంది. నవ్వాపుకోలేక అనుకుంటాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచేయి కీబోర్డుకు దూరంగా పెట్టి, ప్రమాణం చేస్తున్నాను. ఫైరింజను వస్తుందో రాదో చూడటానికి ఇక నా జన్మలో సొంత ఇంటికి నిప్పు పెట్టను. ఈ ప్రమాణాన్ని కాగితం మీద రాసి, మూడు చోట్ల కాపీలు దాచాను. మూడూ తెరిచి చదివి చూశాను. ఈసారి అసలుదాన్ని చింపకుండానే.